బండి లైటుకు కరెంటు ఎక్కడిది?

మోటారు సైకిలు ఇంజనుకు ఎడమ పక్కన, గేరు లీవరుకు కాస్త పైన, ఒక గుండ్రటి మూత కనిపిస్తుంది. చాలా బండ్లలో దాని చోటు అదే. ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లకు కూడా దాన్ని విప్పి చూసే అవసరం రాదు. కానీ హెడ్‌లైటు, హారను, ఇండికేటర్లు, స్పీడోమీటరు, ఇంజనులో పెట్రోలును మండించే నిప్పురవ్వ, ఇవన్నీ ఆ మూత వెనక పుట్టే కరెంటు మీదే బతుకుతాయి. కొత్తగా రెండు ఫాగ్ లైట్లు బిగించినా, హ్యాండిల్ మీద ఫోన్ ఛార్జరు పెట్టినా, గట్టి హారను తగిలించినా ఆ భారమూ దాని మీదే పడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ పుత్లీబౌలిలోనో లైట్లు కొనేటప్పుడు ధర అడుగుతాం, వెలుగు ఎంత దూరం పడుతుందని అడుగుతాం. ఈ లైట్లను మోసే కరెంటు నా బండిలో ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. ఈ అధ్యాయంలో ముందు ఆ ప్రశ్న చూద్దాం. ఆ తరవాత రెండోది: వచ్చిన వెలుగు పడాల్సిన చోటే పడుతోందా?

మూత వెనక ఏముంది

మూత తీస్తే లోపల లోతైన గిన్నె ఆకారంలో ఒక ఇనుప చక్రం ఉంటుంది. దాని లోపలి గోడ చుట్టూ అయస్కాంతాలు అమర్చి ఉంటాయి. మెకానిక్కులు దీన్ని ‘మాగ్నెట్’ అంటారు. క్రాంక్‌షాఫ్టు కొనకు బిగించి ఉంటుంది కాబట్టి ఇంజను తిరిగినంతసేపూ ఇదీ తిరుగుతుంది. దాని నడుమ కదలకుండా ఉండేది కాయిల్ ప్లేటు: ఇనుప పళ్ల మీద రాగి తీగ చుట్టలు. అయస్కాంతాలు ఆ చుట్టల పక్కనుంచి దూసుకుపోతుంటే తీగలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే లండన్‌లో కనిపెట్టిన సూత్రం ఇదే. శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రంలో తిరిగే భారీ యంత్రాలూ, మీ బండిలోని ఈ చిన్న చక్రమూ పనిచేసేది ఆ ఒక్క సూత్రం మీదే.

అయస్కాంతం ఎంత వేగంగా తిరిగితే అంత ఎక్కువ వోల్టేజి పుడుతుంది. అలాగని ఇంజను వేగం రెట్టింపు చేస్తే కరెంటు కూడా రెట్టింపు కాదు. ఈ కరెంటు అటూ ఇటూ దిశ మారుతూ ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ ఆ దిశ మారే రేటూ పెరుగుతుంది. ఆ మార్పుకు చుట్ట తనే అడ్డుపడుతుంది. మార్పు ఎంత వేగమైతే ఆ అడ్డు అంత గట్టిగా ఉంటుంది. అందుకే కరెంటు మొదట్లో చురుగ్గా పెరిగి, నిమిషానికి నాలుగైదు వేల చుట్ల దగ్గర ఒక హద్దుకు చేరి అక్కడే ఉండిపోతుంది. చిన్న బండ్లలో ఆ హద్దు వంద వాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. పెద్ద బండ్లలో రెండు మూడు వందల వాట్ల దాకా వస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఇంజను ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు అందులో సగం కూడా రాకపోవచ్చు. బండి కొనేటప్పుడు ఇచ్చే పుస్తకంలో ఆల్టర్నేటర్ (ఈ మాగ్నెట్, కాయిల్ ప్లేటు జతే) ఎదురుగా రాసి ఉండే వాట్ల సంఖ్య ఆ పై హద్దు. నగరంలో నడిచే బండికి అది పూర్తిగా చేతికందదు.

కాయిల్ ప్లేటు నుంచి వచ్చేది అలా దిశ మారే ఏసీ. బ్యాటరీకి కావలసింది ఒకే దిశలో పోయే డీసీ. రెంటి మధ్య రెక్కలున్న ఒక అల్యూమినియం పెట్టె ఉంటుంది. షాపుల్లో దాన్ని ఆర్ఆర్ యూనిట్ అనో రెక్టిఫయర్ అనో అడుగుతారు. అది రెండు పనులు చేస్తుంది: ఏసీని డీసీగా మార్చడం, వోల్టేజి సుమారు పద్నాలుగున్నర దాటకుండా ఆపడం. రెండో పని జరిగే తీరు చాలామందికి తెలియదు. తెలుసుకుంటే లైట్ల గురించిన ఒక పెద్ద అపోహ తొలగిపోతుంది. అయస్కాంతాలు శాశ్వతమైనవి, వాటి బలాన్ని తగ్గించలేం. ఇంజను తిరుగుతున్నంతసేపూ కరెంటు వస్తూనే ఉంటుంది. అవసరానికి మించి వచ్చినదాన్ని చాలా బండ్లలోని ఆర్ఆర్ యూనిట్ తిరిగి కాయిల్‌లోకే షార్ట్ చేసేస్తుంది. ఆ శక్తి వేడిగా మారి కాయిల్‌లోనూ ఆర్ఆర్ యూనిట్‌లోనూ పోతుంది. ఆ పెట్టెకు రెక్కలు ఎందుకున్నాయో, ముట్టుకుంటే చెయ్యి ఎందుకు కాలుతుందో దీనివల్ల అర్థమవుతుంది.

ఇలాంటి బండిలో హాలోజన్ తీసి ఎల్ఈడీ పెట్టినంత మాత్రాన కాయిల్ మీద భారం తగ్గదు. కాయిల్ మునుపటంత కరెంటే ఇస్తూ ఉంటుంది. లైటు వాడుకోని భాగం ఊరికే వేడి అవుతుంది. తగ్గేది బ్యాటరీ మీద భారం. కొన్ని కొత్త బండ్లలో అదనపు కరెంటును షార్ట్ చేయకుండా దారినే తెంచేసే రకం రెగ్యులేటర్ వస్తోంది. అక్కడైతే లైటు తక్కువ తీసుకుంటే కాయిల్ కూడా నిజంగా చల్లబడుతుంది.

రాబడీ ఖర్చూ

దీన్ని నెల జీతంతో నడిచే సంసారంలా చూడటం తేలిక. జీతం కాయిల్ ప్లేటు. బ్యాటరీ దాచుకున్న డబ్బు. జీతానికి మించి ఖర్చు పెట్టినా ఇల్లు కొన్నాళ్లు నడుస్తుంది, దాచింది తరుగుతూ వస్తుంది, ఒక ఉదయం చేతిలో ఏమీ మిగలదు. బండి విషయంలో ఆ ఉదయం సెల్ఫ్ నొక్కితే ‘టిక్’మని ఆగిపోతుంది.

ఖర్చు లెక్క వేద్దాం. మామూలు కమ్యూటర్ బండిలో హెడ్‌లైటు బల్బు 35 వాట్లు. వెనక లైటు 5. బ్రేకు నొక్కినప్పుడు మరో 21. ఇండికేటరు బల్బు ఒక్కోటి 10. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త టూవీలర్లన్నింటికీ ఇంజను తిరిగినంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. అంటే ఆ 35 వాట్లు పగలూ రాత్రీ ఖర్చే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక చాలా బండ్లలో కార్బొరేటర్ల స్థానంలోకి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. దాంతో పెట్రోలు పంపు, ఇంజెక్టరు, ఇంజనును నడిపించే కంప్యూటరు (ఈసీయూ), సైలెన్సరులో ఆక్సిజన్ సెన్సరు కూడా కరెంటు అడగడం మొదలుపెట్టాయి. పాత బండిలో బ్యాటరీ పూర్తిగా పడిపోయినా కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది. ఇంజెక్షన్ బండిలో వోల్టేజి మరీ పడిపోతే పంపు పెట్రోలును తగిన ఒత్తిడితో పంపలేదు, ఇంజను అందుకోదు. అందుకే కొత్త బండిలో కరెంటు విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

ఇప్పుడు 55 వాట్ల హాలోజన్ ఫాగ్ లైట్లు రెండు బిగించామనుకుందాం. మొత్తం 110 వాట్లు. 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లకు పైన. వంద వాట్లు పుట్టించే చిన్న బండికి ఇది అసలు సాధ్యం కాని ఖర్చు. అదే 20 వాట్ల ఎల్ఈడీలు రెండైతే మొత్తం 40 వాట్లు, సుమారు 3 ఆంపియర్లు. రోడ్డు మీద పరిగెడుతున్నప్పుడు చాలా బండ్లు దీన్ని మోయగలవు. ఫోన్ ఛార్జరు 10 వాట్లు, అది సమస్యే కాదు. లదాఖ్ వెళ్లే మనవాళ్లు కొనే వేడి గ్రిప్పులు 30, 40 వాట్లు తీసుకుంటాయి, అదీ గంటల తరబడి.

హారను సంగతి వేరు. పెద్ద హార్న్‌ల జత 8, 10 ఆంపియర్లు లాగుతుంది కానీ ఒకటి రెండు సెకన్లే. మొత్తం మీద చూస్తే అది ఖర్చుచేసే శక్తి చాలా తక్కువ. బ్యాటరీని తినేది గంటల తరబడి నడిచే చిన్న వస్తువు. హారను దెబ్బ తగిలేది బ్యాటరీకి కాదు, దాని స్విచ్చి కాంటాక్టుకు. ఆ మాట రిలే దగ్గర మళ్లీ వస్తుంది.

బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఖర్చుంటుంది. జీపీఎస్ ట్రాకరో, తాళం తీసినా ఆగని ఛార్జరో 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటోందంటే రోజుకు దాదాపు అర ఆంపియర్-గంట. 8 ఆంపియర్-గంటల బ్యాటరీ ఎనిమిది రోజుల్లో సగానికి పడిపోతుంది. సంక్రాంతికి హైదరాబాద్‌లో బండి పెట్టి ఊరెళ్లి పది రోజుల తరవాత తిరిగొచ్చినవాళ్లలో చాలామందిని కష్టపెట్టేది ఇదే. అదనపు సామాను ఏదైనా సరే, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు కలపాలి.

ఈ లెక్కంతా కాగితం మీద వెయ్యనక్కర లేదు. మల్టీమీటరు ఒకటి చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ మీద 12.6, 12.7 వోల్టులు చూపిస్తే అది నిండుగా ఉన్నట్టు. 12కు దిగిందంటే అడుగంటుతోంది. ఇంజను స్టార్ట్ చేసి, కొత్త లైట్లతో సహా అన్నీ వెలిగించి, నాలుగు వేల చుట్ల దగ్గర చూడండి. 13.5కు పైన నిలిస్తే రాబడి సరిపోతోంది. 12.8 కన్నా కిందికి జారుతూ ఉంటే దాచుకున్నది కరుగుతోంది. బండికి తగిలించే అదనపు సామానులో నేను మొట్టమొదట పెట్టుకోమనేది హ్యాండిల్ మీద ఒక చిన్న వోల్ట్‌మీటరు. మిగతా సామాను భారం ఎంతో రోజూ చెప్పేది అదొక్కటే.

ఈ పరీక్ష చేసేటప్పుడు ఒక్క పని మాత్రం చేయకూడదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి చూసే అలవాటు కొందరికి ఉంది. బ్యాటరీ ఉన్నంతసేపూ వోల్టేజిలోని ఎగుడుదిగుళ్లను అది మింగేస్తూ ఉంటుంది. దాన్ని తీసేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి ఈసీయూను కాల్చేయగలదు.

రాగి తీగ దొంగతనం

కరెంటు ఉన్నంత మాత్రాన అది లైటు దాకా చేరుతుందని లేదు. దారిలో వైరు కొంత తినేస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం, ఒక మీటరు పొడవు ఉన్న రాగి తీగ నిరోధం సుమారు 0.017 ఓములు. అంకె చిన్నదే. సీటు కింది బ్యాటరీ నుంచి హ్యాండిల్ మీది స్విచ్చి దాకా, అక్కడి నుంచి క్రాష్ గార్డు మీది లైటు దాకా, మళ్లీ వెనక్కి వచ్చే దారి అంతా కలిపితే నాలుగు మీటర్లు అవుతుంది. చవక లైట్లతో వచ్చే సన్నటి వైరు అర చదరపు మిల్లీమీటరు అనుకుంటే నిరోధం దాదాపు 0.14 ఓములు. అందులో 9 ఆంపియర్లు పోతే 1.2 వోల్టులు దారిలోనే ఖర్చవుతాయి. 11 వాట్ల వేడి వైరులోనే పుడుతుంది.

పన్నెండులో ఒకటీ పాయింట్ రెండు, అంటే పదో వంతే కదా అనిపిస్తుంది. హాలోజన్ బల్బు అలా లెక్క చూడదు. దాని వెలుగు ఫిలమెంటు ఎంత వేడెక్కిందన్న దాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి కాస్త తగ్గినా వెలుగు చాలా ఎక్కువగా పడిపోతుంది. పదో వంతు వోల్టేజి పోతే ముప్ఫై శాతం వెలుగు పోతుంది. డబ్బు పెట్టి 55 వాట్ల లైటు కొన్న మనిషి, పచ్చటి వెలుగు చూసి లైటు మంచిది కాదనుకుంటాడు. దోషం వైరుది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం మూడో వంతుకు దిగుతుంది. ఎల్ఈడీ తీసుకునే కరెంటే తక్కువ కాబట్టి దానికి ఈ బాధ అంతగా లేదు.

పాత బుల్లెట్ల కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1955లో మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలైన తొలి దశాబ్దాల్లో ఆ బండ్లది 6 వోల్టుల వ్యవస్థ. హెడ్‌లైటుకు అటూ ఇటూ మెరిసే రెండు చిన్న ‘టైగర్ ల్యాంపులు’ చూడముచ్చటగా ఉండేవి గానీ, రాత్రిపూట రోడ్డు కనబడటం కష్టంగానే ఉండేది. అన్ని వాట్లనే 12కు బదులు 6 వోల్టులతో పంపాలంటే రెట్టింపు కరెంటు కావాలి. వైరులో పోయే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే వైరులో నష్టం నాలుగింతలు. ఇక తుప్పు పట్టిన ఒక్క కాంటాక్టు చాలు, బల్బు గుడ్డిదీపం అయిపోవడానికి. 12 వోల్టులకు మారాక ఆ బండ్ల వెలుగు మారడంలో బల్బుకు ఎంత పాత్ర ఉందో ఈ లెక్కకూ అంత ఉంది.

ఇప్పుడు రిలే. హ్యాండిల్ మీద ఉండే స్విచ్చిలోని కాంటాక్టులు చిన్నవి, ఎక్కువ కరెంటును తట్టుకోలేవు. రిలేలో ఒక చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. స్విచ్చి నుంచి వచ్చే సుమారు 0.15 ఆంపియర్లతో అది లోపలి పెద్ద కాంటాక్టును లాగుతుంది. లైట్ల బరువు కరెంటు బ్యాటరీ నుంచి ఆ పెద్ద కాంటాక్టు గుండా నేరుగా లైటుకు పోతుంది, హ్యాండిల్ దాకా ఎక్కి దిగే పని లేదు. దారి పొట్టిదవుతుంది, స్విచ్చి కాలదు. రిలే అడుగున నాలుగు కాళ్లకు అంకెలుంటాయి. 30 బ్యాటరీ ప్లస్‌కు, 87 లైటుకు, 85, 86 ఆ చిన్న అయస్కాంతానికి. జర్మన్ ప్రమాణం నుంచి వచ్చిన ఈ అంకెలు ఏ కంపెనీ రిలే అయినా దాదాపు ఇవే ఉంటాయి. ఒకసారి గుర్తుపెట్టుకుంటే ఏ బండి వైరింగైనా చదవడం వస్తుంది.

ఫ్యూజు గురించి నేను బతిమాలి చెప్పేది ఒకటే. దాన్ని బ్యాటరీకి ఆనుకుని, జానెడు దూరంలోపే పెట్టండి. ఫ్యూజు ఉన్నది లైటును కాపాడటానికని చాలామంది లైటు దగ్గర పెడతారు. అది కాపాడాల్సింది వైరును. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరు ఎక్కడ ఒరుసుకుని ఫ్రేముకు తగిలినా దాన్ని ఆపేవాళ్లు లేరు. బండి బ్యాటరీ చిన్నదే అయినా షార్ట్ అయిన క్షణంలో వంద ఆంపియర్లకు పైగా ఇవ్వగలదు. సన్న వైరు క్షణాల్లో ఎర్రబడి పైతొడుగు కరిగిపోతుంది. ఆ వైరు వెళ్లే దారి సాధారణంగా పెట్రోలు ట్యాంకు కిందనే. 3 ఆంపియర్ల లైట్లకు లేత గోధుమరంగు 5 ఆంపియర్ల ఫ్యూజు, 9 ఆంపియర్ల లైట్లకు నీలం రంగు 15 ఆంపియర్ల ఫ్యూజు, దానికి తగిన మందం వైరు. ఫ్యూజు పోతే కారణం వెతకాలి. దాని బదులు రాగి పోగు చుట్టి ఇంటిదాకా నడిపే అలవాటు వల్ల కాలిపోయిన బండ్లున్నాయి.

వైరు తెగేది ఎక్కువగా హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర. ప్రతి మలుపుకూ అక్కడ వైరు వంగి లేస్తుంది. ఒంటి తీగ వైరు అక్కడ త్వరగా విరుగుతుంది. సన్న పోగుల వైరు కావాలి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా బిగుసుకోనంత వదులు ఇవ్వాలి. జాయింట్లకు మెలితిప్పి టేపు చుట్టడం మన దగ్గర మామూలు. ఎండకు టేపు జిగురు కారిపోతుంది, మొదటి వానకు నీరు చేరుతుంది, రాగి పచ్చబడుతుంది. క్రింపు చేసిన జాయింటు మీద వేడికి ముడుచుకునే గొట్టం తొడిగితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, కంపెనీ వైరింగును ఎక్కడా కోయకపోవడం. కొత్త బండ్లలో ఒక్కో లైటుకు ఎంత కరెంటు పోతోందో కంట్రోలు యూనిట్టే గమనిస్తుంటుంది. మధ్యలో ఇంకో లైటు కలిస్తే దాన్ని లోపంగా ఎంచుతుంది. వారంటీ గొడవ కూడా అక్కడే మొదలవుతుంది.

వెలుగు ఎక్కడ పడాలి

ఎల్ఈడీ వచ్చాక లెక్కలన్నీ మారిపోయాయి. నీలి కాంతినిచ్చే ఎల్ఈడీని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ నీలం మీద పసుపు వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత పూస్తే తెల్లటి వెలుగు వస్తుంది. హాలోజన్ ఒక్కో వాటుకు ఇరవై పైచిలుకు ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది, మంచి ఎల్ఈడీ వందకు పైగా ఇస్తుంది. చిన్న బండి మీద అదనపు లైట్లు సాధ్యమయ్యాయంటే ఆ ముగ్గురి పని వల్లే.

కానీ ల్యూమెన్లు ఎక్కువైతే చూపు అంత పెరుగుతుందని కాదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక లైటు నడిమి వెలుగు 20 వేల క్యాండెలాలు అనుకుంటే, 50 మీటర్ల దగ్గర 8 లక్స్, 100 మీటర్ల దగ్గర 2 లక్స్ పడుతుంది. పున్నమి వెన్నెల పావు లక్స్ లోపే. అదే లైటు ఇంకొకటి జోడిస్తే చూపు అందే దూరం రెండింతలు కాదు, ఒకటీ పాయింట్ నాలుగింతలే అవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి, మనిషి తేరుకుని బ్రేకు పట్టే ఒకటిన్నర సెకన్లలో 25 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 24. మొత్తం 49. అదే 80 వేగంతో 76 మీటర్లు. వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆగిన ట్రాక్టరు ట్రాలీ, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, దాటుతున్న గేదెలు ఈ దూరానికి అవతలే కనబడాలి. కనబడకపోతే తగ్గించాల్సింది వేగం. ఎన్ని లైట్లు పెట్టినా ఈ లెక్క మారదు.

ముందు చక్రానికి ఎదురుగా పది మీటర్లలోపు రోడ్డు తళతళా మెరిసిపోతుంటే బాగుందనిపిస్తుంది. అది చెడు చేస్తుంది. దగ్గరి వెలుగుకు కన్ను అలవాటు పడి కనుపాప చిన్నదవుతుంది, దూరపు చీకట్లో ఉన్నది కనబడదు. చవక ఎల్ఈడీ బార్లు ఎక్కువ వెలుగును ఇలా కాళ్ల దగ్గరే పోస్తాయి. తడిసిన రోడ్డు మీద ఇంకా కష్టం. నీటి పొర అద్దంలా వెలుగును ముందుకే తోసేస్తుంది, మన కంటికి తిరిగొచ్చేది కొద్దిగానే.

అదనపు లైట్లు నిజంగా ఉపయోగపడే చోటు మలుపు. కారు వంగదు, బండి వంగుతుంది. ఎడమకు వంగినప్పుడు హెడ్‌లైటు వెలుగు కూడా దానితో పాటు పక్కకు ఒరిగి, మలుపు లోపలి వైపు, అంటే మనం వెళ్లబోయే వైపు చీకటి పడుతుంది. వెడల్పుగా, కింది నుంచి విసనకర్ర ఆకారంలో పరుచుకునే రెండు చిన్న లైట్లు ఆ ఖాళీని నింపుతాయి. బీఎండబ్ల్యూ కే1600 లాంటి పెద్ద బండ్లలో వంపును బట్టి హెడ్‌లైటు వెలుగే తిరిగే ఏర్పాటు ఉంటుంది. మనకు అంత అక్కర్లేదు. పాడేరు ఘాట్ మలుపుల్లో క్రాష్ గార్డుకు బిగించిన రెండు పది వాట్ల లైట్లు చేసే మేలు, హెడ్‌లైటులో రెట్టింపు వాట్ల బల్బు చేయలేదు.

డిసెంబరు వచ్చిందంటే విశాఖ, నర్సీపట్నం వైపు కుర్రాళ్లు అర్ధరాత్రి బయల్దేరి, తెల్లారేసరికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి చేరాలని ఘాట్ ఎక్కుతారు. దారిలో పొగమంచు. పసుపు లైటు పొగమంచును చీల్చుకుపోతుందని మనలో గట్టి నమ్మకం ఉంది. ఆకాశం నీలంగా కనబడటానికి కారణమైన రేలీ పరిక్షేపణ నుంచి ఆ నమ్మకం పుట్టింది: గాలి అణువులు నీలాన్ని ఎక్కువగా, పసుపును తక్కువగా చెదరగొడతాయి. అణువుల విషయంలో అది నిజం. పొగమంచు చుక్క కాంతి తరంగం కన్నా పదింతలు, ఇంకా పెద్దది. అంత పెద్ద చుక్క అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడుతుంది. 1930ల చివరి నుంచి 1993 దాకా ఫ్రాన్సు తన కార్లన్నింటికీ పసుపు హెడ్‌లైట్లు తప్పనిసరి చేసి, చివరికి వదిలేసింది. పసుపుకు ఒక మేలు మాత్రం ఉంది. నీలం పాలు తక్కువ కాబట్టి కంటికి చిరాకు తగ్గుతుంది. పొగమంచులో అసలు పనిచేసేది లైటు ఎత్తు. కంటికి దగ్గరగా పైనున్న లైటు వెలుగు మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగొచ్చి తెల్లటి గోడలా నిలుస్తుంది. మోకాలి కన్నా కింద, పైకి ఏమాత్రం చిమ్మకుండా, నేల మీదుగా పోయే వెలుగైతే రోడ్డు అంచూ తెల్ల గీతా కనబడతాయి. హై బీమ్ అక్కడ పూర్తిగా శత్రువు.

ఇక ఎదురుగా వచ్చే మనిషి. బలమైన వెలుగు కంట్లో పడితే కంటి కటకంలోనే చెదిరి, చూపంతటి మీదా పల్చటి తెర కప్పుతుంది. శుక్లాలు మొదలైన పెద్దవాళ్లకు ఆ తెర మరీ దట్టంగా ఉంటుంది. చీకట్లో చూపునిచ్చే కణాలు పూర్తిగా కోలుకోవడానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. పల్లె రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చే ముసలాయన మీ లైటు దాటాక కూడా చాలాసేపు రోడ్డు అంచు చూడలేడు. హాలోజన్ కోసం చేసిన హెడ్‌లైటులో ఎల్ఈడీ బల్బు దూర్చడం ఈ బాధకు పెద్ద కారణం. ఆ అద్దం వంపు ఫిలమెంటు ఉండే కచ్చితమైన చోటును బట్టి లెక్కకట్టి చేసింది. వెలుగు పుట్టే చోటు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా డిమ్ వెలుగు పై అంచు చెదిరి వెలుగు పైకి చిమ్ముతుంది.

లైటు దిశ సరిచేయడం పది నిమిషాల పని. చదునైన నేల మీద గోడకు పది మీటర్ల దూరంలో బండిని నిటారుగా నిలిపి, ఎప్పుడూ నడిపే మనిషి కూర్చోవాలి. డిమ్ వెలుగు పై అంచు గోడ మీద లైటు ఎత్తు కన్నా పది సెంటీమీటర్లు కింద ఉండాలి. అంటే నూటికి ఒకటి వాలు. ఇప్పుడు వెనక ఒకరు ఎక్కితే ఏమవుతుందో చూడండి. వెనక స్ప్రింగులు మూడు సెంటీమీటర్లు దిగాయనుకుంటే, రెండు చక్రాల మధ్య దూరం 130 సెంటీమీటర్లు కాబట్టి బండి ముక్కు నూటికి రెండుకు పైగా పైకి లేస్తుంది. కిందికి ఇచ్చిన ఒకటి పోగా వెలుగు పైకే తిరుగుతుంది. యాభై మీటర్ల అవతల అది అర మీటరుకు పైగా ఎక్కుతుంది, సరిగ్గా ఎదుటివాళ్ల ముఖం మీదికి. అందుకే ఎక్కువగా ఇద్దరు తిరిగే బండికి ఇద్దరూ కూర్చుని ఉండగానే లైట్లు సరిచేయాలి.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వ నిబంధన, రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా వాహనం ముందు వైపు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టకూడదంటుంది. 119వ నిబంధన రాగాలు తీసే హార్న్‌లనూ చెవులు చిల్లులు పొడిచే హార్న్‌లనూ నిషేధిస్తుంది. దూరానికి కొట్టే ఫోకస్ లైట్లు అనుమతి లేకుండా నడిరోడ్డు మీద వాడటం తప్పు.

అనుమతి తీసుకుని దూరపు లైట్లు బిగించినా, వాటికి వేరే స్విచ్చి పెట్టి ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా వెతుక్కోవడం జరగని పని. రిలేలో 86వ కాలును హెడ్‌లైటు హై బీమ్ వైరుకు కలపండి, 85ను ఎర్తుకు. అప్పుడు హై బీమ్ వెలిగితేనే ఆ లైట్లు వెలుగుతాయి. బొటనవేలితో డిప్పర్ కొట్టగానే హెడ్‌లైటుతో పాటే ఆరిపోతాయి. మోకాలి కింది ఫాగ్ లైట్లకు మాత్రం వేరే రిలే, వేరే స్విచ్చి, వేరే ఫ్యూజు ఉండాలి. ఒకదాని ఫ్యూజు పోయినా రెండోది వెలుగుతూనే ఉంటుంది.